కేసొన్ పెద్దమ్మ తొట్టిలో కోటిమంది చుట్టాలు

బ్యాంకాక్
తనిఖీకి ఇంకా 88 రోజులు

కేసొన్ పెద్దమ్మ గారికి రెండు చేతులూ జోడించి రవివన్ రాస్తున్నది.

మీ ఫోను మూడోసారి కూడా చేపల చెరువులోనే పడిందని వ్యాన్ డ్రైవర్ చెప్పాడు. ఇంక జన్మలో ఫోను కొననని ఒట్టు పెట్టుకున్నారట. సరే, ప్రతి శుక్రవారం మీ చెరువు నీళ్ల సీసాలు ఐసుపెట్టెలో మా ల్యాబ్‌కి వస్తాయి కదా, ఉత్తరం కూడా అందులోనే పెట్టండి. నా జవాబు అదే పెట్టెలో వెనక్కి వస్తుంది.

ఈసారి పెట్టెలో ఒక గాజు జాడీ ఉంది. చూడ్డానికి పాలు లేని టీలా ఉంటుంది. ఎవరినీ తాగనివ్వకండి. అందులో ఉన్నవి సూక్ష్మజీవులు. పరాయివి కావు, మీ చెరువు అడుగు బురదలోంచే తీసి ఏడు నెలలు నేను పెంచినవి. తిలాపియా చేపపిల్లలన్నీ మగవైతే తొందరగా ఎదుగుతాయని మీ హేచరీలో మూడు వారాలు మేతలో మగ హార్మోను కలిపి పెడతారు కదా, పిల్లలు తినగా మిగిలింది నీళ్లలో కలిసి కాలవలోకి పోతోంది. దాన్ని ఈ జీవులు తినేస్తాయి. కొబ్బరిపీచు నింపిన సిమెంటు తొట్టిలో వీటిని పోసి, చెరువు నీళ్లని ఆ తొట్టి గుండా కాలవలోకి వదలండి. అంతే పని.

88 రోజుల్లో చేపల ఆఫీసు వాళ్లు వస్తారు. ఆ రోజు నీళ్లలో హార్మోను కనిపించిందా, లైసెన్సు తిరిగి ఇవ్వరు. పద్దెనిమిదేళ్లుగా మీరొక్కరే నిలబెట్టుకున్న హేచరీకి తాళం పడుతుంది. నా డాక్టరేటు కూడా ఈ తొట్టిలోనే ఉంది పెద్దమ్మా.

మీ
రవివన్

తా.క. మీ మీద ఫిర్యాదు చేసిన ఆకాశరామన్న ఉత్తరానికి ఆఫీసువాళ్లు టైపు చేసిన నకలు చూశాను. మిమ్మల్ని "కాలవకి మీసాలు మొలిపిస్తున్న మహాతల్లి" అని రాశారు. ఎవరండీ ఆ దుర్మార్గులు?

*

నాంగ్ బువా కాలవ గట్టు
పొద్దున వాన వెలిసింది

అమ్మాయి రవివన్‌కి, అన్నం తిన్నావా?

నీ జాడీ చేరింది. ఆ డ్రైవర్ దాన్ని దురియన్ పళ్ల బుట్ట కింద పెట్టి తెచ్చాడు. నాలుగు చీవాట్లు పెట్టాను. ఏడు నెలలు బ్యాంకాక్‌లో ఉండి సొంతూరికి వచ్చిన పిల్లలు, ఇలాగేనా తీసుకొచ్చేది?

నువ్వు చెప్పినట్టే తొట్టిలో పోశాను. పాపం, ప్రయాణం బడలిక మీద ఉన్నారు కదా అని రెండు చెంబులు చెరకు మడ్డి, ముగ్గిన అరటిపళ్లు ఆరు, ఒక గిన్నె గంజి పోశాను. మా గట్టు మీద ఏ ఇంటికి వెళ్లినా పెరట్లో పులియబెట్టిన ఎరువు నీళ్ల డ్రమ్ము ఉంటుంది. అందులో వాళ్లకి మేం పెట్టేదీ ఇదే. నీవాళ్లు మాత్రం ఎందులో తక్కువ? రెండో రోజుకే ఇంతెత్తున నురగ వచ్చింది. సంతోషంతో పొంగిపోతున్నారమ్మా! నాకు కూడా కడుపు నిండినట్టుంది. రోజుకి మూడు పూటలా పెడుతున్నాను, నువ్వేం బెంగ పెట్టుకోకు.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. వీళ్లు కారం తింటారా?

ఇట్లు
నీ పెద్దమ్మ కేసొన్

తా.క. ఫిర్యాదు రాసినవాళ్లని దుర్మార్గులని తిట్టకు. ఎవరి బాధ వాళ్లది. ఆ మీసాల మాట మాత్రం భలే కుదిరింది.

*

బ్యాంకాక్
తనిఖీకి ఇంకా 74 రోజులు

పెద్దమ్మ గారికి నమస్కారం పెట్టి, కొంచెం కంగారుగా రవివన్ రాస్తున్నది.

మీ సీసాలు పరీక్ష చేశాను. తొట్టిలోకి వెళ్లే నీళ్లలో హార్మోను నూరు పాళ్లు ఉందనుకుంటే, బయటికొచ్చే నీళ్లలో తొంభైతొమ్మిది ఉంది. ఆ తగ్గిన ఒక్క పాలు కూడా మా యంత్రం పొరపాటే అంటున్నారు మా ప్రొఫెసర్ గారు.

ఎలా తగ్గుతుంది చెప్పండి? కొబ్బరిపాలు పోసిన మామిడిపండు అన్నం పళ్లెం నిండా పెట్టి, పక్కన కాకరకాయ పెడితే ఎవరైనా ముట్టుకుంటారా? మడ్డి, పళ్లు, గంజి దొరికినంత కాలం వాళ్లు హార్మోను వంక చూడను కూడా చూడరు. అన్నీ ఆపేయండి. వాళ్లకి ఆకలెయ్యాలి. బాగా ఆకలెయ్యాలి. అప్పుడే గత్యంతరం లేక హార్మోను తింటారు.

దయచేసి జాలి పడకండి.

మీ
రవివన్

తా.క. కారం తినరు. ఉప్పు, చింతపండు, చేప సాస్, ఏదీ తినరు. మీరు తర్వాత అడగబోయేవాటికి కూడా ఇదే జవాబు.

*

కాలవ గట్టు
ఎండ మాడ్చేస్తోంది

అమ్మాయి రవివన్‌కి, నువ్వైనా తిన్నావా?

నీ ఉత్తరం చదివి ఒక పూట నీతో మాట్లాడకూడదనుకున్నాను. మా ఇంటి గడప తొక్కినవాళ్లని ఆకలితో మాడ్చమంటావా? మా అమ్మ ఉంటే నన్ను గరిటె పుచ్చుకుని కొట్టేది. అయినా నీ చదువు మీద గౌరవంతో ఆపేశాను. ఎనిమిది రోజులు తొట్టి ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేక, వెనక వంటింట్లో తలుపేసుకుని తిన్నాను.

తొమ్మిదో రోజు చూద్దును కదా, పీచంతా నల్లటి జిగురు పట్టింది. ముట్టుకుంటే జారిపోతోంది. గట్టు మీద ఆడవాళ్లందరూ చూడ్డానికి వచ్చారు. "ఇవేం తింటాయి కేసొన్?" అన్నారు. "మగతనం ఇచ్చే మందు నీళ్లలో ఉంటే తినేస్తాయి" అన్నాను. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సైయుత్ అడిగింది, "మా ఆయన స్నానం చేసే నీళ్లలో కొంచెం కలపొచ్చా?" అని.

పులియబెట్టడానికి తోడు అడిగితే లేదనే అలవాటు మాకు లేదు కదా, ఒక సీసాలో ఇంత పీచూ, ఇన్ని నీళ్లూ వేసి ఇచ్చాను. వాళ్లాయన స్నానం నీళ్లలో మూడు మూతలు పోసిందట. మర్నాడు ఆయన ఎవరూ చెప్పకుండా గిన్నెలు తోమాడు! ఆ కబురు గట్టంతా పాకింది. ఇప్పటికి పధ్నాలుగు ఇళ్లకి సీసాలు ఇచ్చాను.

ఇట్లు
కేసొన్

తా.క. మగాళ్లు కాలవలో స్నానం మానేశారు. సబ్బు పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి గుడి కుళాయి దగ్గరికి పోతున్నారు.

*

బ్యాంకాక్
తనిఖీకి ఇంకా 46 రోజులు

పెద్దమ్మా! రవివన్‌ని!

పద్ధతిగా నమస్కారం రాసే ఓపిక లేదు, క్షమించండి. వెంటనే ఆ పధ్నాలుగు ఇళ్లకీ వెళ్లి చెప్పండి. ఆ జీవులు మొగుళ్లని ఏమీ చెయ్యవు. మంచిగా మార్చవు, చెడుగా మార్చవు. నీళ్లలో కలిసిన హార్మోనునే తింటాయి గానీ మనుషుల ఒంట్లో దూరి తినవు. సైయుత్ గారాయన గిన్నెలు ఎందుకు తోమాడో సైన్సుకి తెలియదు. స్నానం నీళ్లలో కలపొద్దు, ముఖ్యంగా ఎవరికీ తాగించొద్దు!

ఇప్పుడు ఊపిరి పీల్చుకుని మంచి కబురు. నూరు పాళ్లు లోపలికి వెళ్తే పదకొండే బయటికొస్తోంది! ల్యాబ్‌లో గట్టిగా అరిచాను, పక్క గదిలో వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఇలాగే సాగితే తనిఖీ నాటికి ఏమీ మిగలదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే: ఏమీ చెయ్యకండి.

మీ
రవివన్

తా.క. ఆకాశరామన్న ఇంకో ఉత్తరం రాశాడు. "ఈ తనిఖీని ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వెయ్యకూడదు, ఆ మహాతల్లిని నమ్మకూడదు" అని. నాకు దిగువనున్న ప్రయూన్ గారి మీదే అనుమానం. పోట్లాట చేపలు పెంచేది ఆయనే, మీ నీళ్లు ముందుగా చేరేది ఆయన చెరువుకే.

*

కాలవ గట్టు
గాలి చల్లగా ఉంది, శుభదినం

అమ్మాయి రవివన్‌కి, కడుపు నిండా తిన్నావా?

పదకొండు! నీ ఉత్తరం గట్టు మీద అందరికీ చదివి వినిపించాను. మొగుళ్ల సంగతి మాత్రం చదవలేదు. వాళ్ల సంతోషం మధ్యలో నేనెందుకు?

ఇంత మంచి జరిగితే ఊరికే కూర్చుంటామా? కొత్త ఇంటికి చేయించినట్టే తొట్టికి కూడా దీవెన చేయించాను. తొమ్మిది మంది భిక్షువులు వచ్చారు. తొట్టి చుట్టూ తెల్లదారం కట్టి, మంత్రాలు చదివి, నీళ్లు చల్లారు. చేపల పులుసు, కోడికూర, గుమ్మడికాయ పాయసం చేశాం. కోటిమంది చుట్టాలకి ఒకేసారి దీవెన దొరకడం మా జిల్లాలోనే మొదటిసారి అన్నారు పెద్ద భిక్షువు గారు.

పెద్దలు వచ్చేచోట మురికి ఉంటే బాగుంటుందా? ముందురోజే నేనూ, సైయుత్, ఇంకో ఇద్దరూ కూర్చుని పీచంతా బయటికి తీసి, ఆ నల్లటి జిగురు పోయేదాకా సబ్బుపొడి వేసి తోమి, బ్లీచింగ్ నీళ్లలో జాడించి, ఎండలో ఆరేశాం. నాలుగు గంటలు పట్టింది. నడుం పడిపోయింది గానీ, ఆ పీచు చూస్తే నువ్వు ముచ్చటపడతావు. అప్పుడే కొన్నట్టుంది!

ఇట్లు
తృప్తిగా ఉన్న నీ పెద్దమ్మ

తా.క. నీ భాగం పాయసం పంపుదామంటే డ్రైవర్ మొహం చూసి మానేశాను. వాడు దారిలో తినేస్తాడు.

*

బ్యాంకాక్
25 రోజులు

పెద్దమ్మా,

ఆ జిగురే వాళ్లు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఈసారి సబ్బుపొడి ఉండదేమో అనుకున్నాను. జాడీలోంచి పోసిన జీవులు పీచుని పట్టుకుని, ఇల్లు కట్టుకుని, పిల్లాపాపలతో అలా నల్లగా జిగురుగా కాపురం ఉంటాయి. ఆ కాపురాన్ని మీరు బ్లీచింగ్‌లో జాడించి ఎండలో ఆరేశారు. ఈ వారం సీసాలో నూటికి నూరూ ఉంది. నేను ల్యాబ్‌లో మళ్లీ అంత పెంచాలంటే నలభై రోజులు కావాలి. మనకున్నవి ఇరవయ్యైదు.

మిమ్మల్ని ఏమీ అనలేను. చెప్పకపోవడం నా తప్పే. కానీ బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను.

ఒక్క దారి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే తనిఖీని ఒక నెల వెనక్కి జరుపుతామని ఆఫీసువాళ్లన్నారు. మీకు మొహమాటమని, ప్రయూన్ గారికి నేనే ఉత్తరం రాసేశాను. పక్కింటివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కునే మనిషికి నిద్రెలా పడుతుందని కొంచెం గట్టిగానే అడిగాను.

రవివన్

తా.క. తొమ్మిది మంది భిక్షువులు దీవించింది ఉత్త పీచునండీ.

*

కాలవ గట్టు
ఆకాశం ఎలా ఉందో చూడలేదు

తల్లీ రవివన్,

నన్ను తిట్టు. నాలుగు తిడితే నాకు నిద్ర పడుతుంది. వాళ్లని నా చేత్తో నేనే తోమేశానే! ఇన్నాళ్లూ ఆకలితో ఉంచానని ఏడ్చినదాన్ని, సబ్బుపొడి వేసినప్పుడు పాట కూడా పాడాను.

ఏడుస్తూ కూర్చుంటే పని కాదని, సైయుత్‌ని వెంటబెట్టుకుని పధ్నాలుగు ఇళ్లూ తిరిగాను. సీసాలు గుర్తున్నాయా? అందులో ఉన్నది మా తోముడు తప్పించుకున్న పీచే కదా! రెండు సీసాలు స్నానాల గదుల్లో దొరికాయి. ఒకటి ఫ్రిజ్‌లో చేప సాస్ పక్కన ఉంది. ఇంకొకటి పెరట్లో ఇంటి దేవతకి కట్టిన బుల్లి గుడిలో, ఎర్ర సోడా పక్కన నైవేద్యంగా పెట్టారు. ఒకావిడ ఇవ్వనంది. "మా ఆయన ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాడు" అని సీసా గుండెలకి హత్తుకుంది. బతిమాలి లాక్కున్నాను. పధ్నాలుగూ తెచ్చి తొట్టిలో పోశాను. గంజి పొయ్యలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఇక ప్రయూన్ సంగతి. పాపం ఆయన కళ్లకి శుక్లాలు, రెండేళ్లుగా అక్షరం కనిపించదు. నీ ఉత్తరం కాఫీ కొట్లో చదివించుకున్నాడు, పదిమంది ముందు! నేను సిగ్గుతో చచ్చిపోయి క్షమాపణ అడగడానికి పరిగెత్తాను. తీరా చూస్తే ఆయన మెళ్లో పూలదండ! గుడి కుళాయికి నడిచి నడిచి విసిగిపోయిన మగాళ్లందరూ, "నువ్వొక్కడివే మా పరువు కోసం నిలబడ్డావయ్యా" అని కాఫీ మీద కాఫీ పోయిస్తున్నారు. ఆయన కూడా అవుననీ కాదనీ అనకుండా తాగుతున్నాడు.

ఫిర్యాదు రాసినవాళ్లు సంతకం పెట్టరు. నన్ను ఎలా తెలుసని అడక్కు.

కేసొన్

తా.క. ఇద్దరు ముగ్గురు మొగుళ్లు సీసా పోయాక కూడా గిన్నెలు తోముతున్నారట. అలవాటైపోయింది కాబోలు.

*

బ్యాంకాక్
తనిఖీకి ఇంకా 8 రోజులు

పెద్దమ్మ గారికి నమస్కరించి, మళ్లీ కొంచెం ప్రాణం వచ్చిన రవివన్ రాస్తున్నది.

పోయిన వారం సీసాలో అరవై. ఈ వారం దాంట్లో ముప్ఫైనాలుగు. దిగుతోంది పెద్దమ్మా! కానీ ఎనిమిది రోజుల్లో సున్నాకి దిగుతుందో లేదో నేను చెప్పలేను. నాకు ఆ నెల గడువు కావాలి.

ప్రయూన్ గారు తను రాయలేదని అనడం లేదు కదా, ఇంకేం మరి? ఆయన్ని ఆఫీసుకి పంపి సంతకం పెట్టించండి. ఇంత చిన్న పనికి మీరెందుకు వెనకాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. హేచరీ మీదా, ఆయనదా?

మీ
రవివన్

తా.క. నిన్న మా ప్రొఫెసర్ గారు భోజనం కాగానే తన ప్లేటు తనే కడుక్కున్నారు. నేను ఆయన వైపు చాలాసేపు చూశాను.

*

నాంగ్ బువా కాలవ గట్టు
పొద్దుటి నుంచీ వాన, హాయిగా ఉంది

అమ్మాయి రవివన్‌కి, ముందు అన్నం తిను, తర్వాత చదువు.

గెలిచాం! ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, మూడు సీసాలు నింపుకుపోయారు. ఫలితం కోసం నాలుగు రోజులు ఆగాం. నిన్న కాగితం వచ్చింది, "హార్మోను కనిపించలేదు" అని. లైసెన్సు ఇచ్చారు. నకలు ఈ పెట్టెలో పెట్టాను, తడవకుండా తియ్యి. నీ డాక్టరేటు పుస్తకంలో మొదటి పేజీకి అంటించుకో.

ప్రయూన్‌ని పంపమన్నావు కదా, నేను పంపకపోయినా దండ వేసినవాళ్లే ఆయన్ని ఆఫీసుకి మోసుకుపోయారు. ఆఫీసరు, "ఉత్తరంలో ఏం రాశావు తాతా?" అని అడిగాడట. ఈయన తల గోక్కుని, "చాలా కోపంగా రాశాను" అన్నాడట. ఇంకేం చెప్పలేక ఇంటికొచ్చాడు. సంతకం గింతకం లేదు, తనిఖీ అనుకున్న రోజే జరిగింది.

ఇప్పుడు విను. ఆ రెండు ఉత్తరాలూ రాసింది నేనే.

కుర్చీలోంచి లేవకు, చెప్తాను. రెండేళ్ల కిందట వానలప్పుడు మా కాలవలో పట్టిన కొరమీలు తొమ్మిది కోశాను. వానల్లో కొరమీను కోస్తే అరచేతిలో పట్టనన్ని గుడ్లు ఉండాలి. గుడ్లు వేసి చింతచిగురుతో పులుసు పెట్టడం మా అమ్మ నేర్పింది నాకు. తొమ్మిదింటిలో ఒక్కదాంట్లో కూడా గుడ్డు లేదు. అది నా నీళ్ల వల్లేనా అంటే నాకు తెలీదు, ఇంత చదువుకున్న నువ్వు కూడా తేల్చి చెప్పలేవు. కానీ ఆ కాలవలోకి పద్దెనిమిదేళ్లు నీళ్లు వదిలింది నేను. కత్తి చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. భయమేసింది. సిగ్గేసింది కూడా.

"అయ్యా, ఈ నీళ్లని ఏం చెయ్యమంటారు, దారి చూపించండి" అని ఆఫీసుకి మూడుసార్లు రాశాను, సంతకం పెట్టి, మర్యాదగా. ఏడాదైనా ఉలుకూ పలుకూ లేదు. ఇలా కాదని, పేరు లేకుండా నన్ను నేనే తిట్టుకుంటూ ఒకటి రాశాను. నాలుగు తిట్లు ఎక్కువే పెట్టాను, లేకపోతే నమ్మరు కదా. వారం తిరక్కుండా మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి వాలారు! వాళ్ల వెనకాలే మీ ప్రొఫెసర్, ఆయన వెనకాల నువ్వు, నీ వెనకాల జాడీ. అమ్మయ్య అనుకున్నాను.

మరి వాయిదాకి సంతకం ఎందుకు పెట్టలేదంటావు. నా మీద నేనే రాశానని తెలిస్తే ఫైలు మూసేసి నవ్వుకుంటారు. వాయిదా పడితే ఆ ఫైలు నన్ను చితి మీద పెట్టే రోజుకి కూడా తెరవరు. హేచరీ పోతే పోయింది, ఇంకో రకం చేపలు పెంచుకుంటాను. నీళ్లు బాగుపడ్డాయో లేదో ఎవరో ఒకరు కొలిచి నాతో చెప్పాలి తల్లీ. అది వినకుండా నాకు ముద్ద దిగేది కాదు.

నీకు చెప్పకుండా దాచినందుకు చాలా బాధపడ్డాను. కోపం తగ్గాక ఒకసారి రా. భోజనం నాది, తొట్టి జోలికి మాత్రం రాను.

ఇట్లు
నీ పెద్దమ్మ
(ఈసారి సంతకం పెట్టాను)
కేసొన్

తా.క. సంగతి ఎలా పొక్కిందో గానీ పొద్దుటి నుంచి మా అరుగు మీద ఏడుగురు కూర్చున్నారు. అందరూ ఎగువన హేచరీలు ఉన్నవాళ్లే. గొడవకి వచ్చారేమోనని చీపురు పట్టుకుని బయటికెళ్లాను. కాదు. కాగితం, కలం కూడా వాళ్లే తెచ్చుకున్నారు. "పెద్దమ్మా, మా మీద కూడా ఒక ఫిర్యాదు రాసిపెట్టవా" అని అడుగుతున్నారు. మూడు అయ్యాయి. నాలుగో ఆయన ఇంకొంచెం గట్టిగా తిట్టమంటున్నాడు. ఇంక ఉంటాను, చెయ్యి నొప్పెడుతోంది. నువ్వు మాత్రం జాడీలు సిద్ధం చెయ్యి.